ఎం-బుక్కుకు ఎక్కని కూలి

ప్రభుత్వం కట్టించే ఏ పనిలోనైనా డబ్బు కదలాలంటే ముందు ఎం-బుక్కు తెరుచుకోవాలి. కొలతల పుస్తకమైన ఈ ఎం-బుక్కులో ఇంజనీరు జరిగిన పనిని పొడవు, వెడల్పు, లోతుల లెక్కన దశాంశ స్థానాల దాకా నమోదు చేస్తాడు. పై అధికారి సరిచూసి సంతకం పెట్టిన తరువాతే బిల్లు తయారై పే అండ్ అకౌంట్స్ కార్యాలయానికి చేరుతుంది. ఎన్ని ఘనపు మీటర్ల మట్టి తీశారో, ఎంత కాంక్రీటు పోశారో ఆ పుస్తకం చెబుతుంది గాని, తీసినవారు ఎందరో, వారి చేతికి కూలి ముట్టిందో లేదో చెప్పదు. పూర్తి దినాలు, అర దినాలు, తిండి ఖర్చీ కింద ఇచ్చిన సొమ్ము రాసుకున్న లెక్క మేస్త్రి జేబులోని చిన్న నోటుబుక్కులో ఉంటుంది. ప్రభుత్వ పనుల్లో కూలి హక్కు జారిపోయేది ఈ రెండు పుస్తకాల నడుమనే.

1963 జూలై 24న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ప్రాజెక్టు నిర్మాణం దాదాపు రెండు దశాబ్దాలు సాగింది. నల్లమల నడుమ సున్నిపెంటలో వెలసిన ప్రాజెక్టు కాలనీ ఆ కాలపు శ్రమకు నేటికీ మిగిలిన ఆనవాలు. భారీ ప్రాజెక్టుల్లో శ్రమ చేసినవారందరూ ఒకే వరుసలోని వారు కారు: శాఖ నేరుగా పెట్టుకున్న వర్క్‌ఛార్జ్‌డ్ సిబ్బంది, నామినల్ మస్టర్ రోల్‌పై దినకూలికి పనిచేసే ఎన్ఎంఆర్‌లు, అన్నిటికన్నా కింద గుత్తేదారు తెచ్చిన గుంపులు. 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ల సర్వీసు నిండిన దినకూలీలను క్రమబద్ధం చేసేందుకు 1994లో ప్రభుత్వం 212 నంబరు జీవో ఇచ్చింది; మస్టర్‌లో పేరున్నవారికి అదైనా దక్కింది. గుంపు కూలీల పేరు ఏ ప్రభుత్వ మస్టర్‌లోనూ లేదు. కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న పాలమూరు నుంచి దేశమంతటా ఆనకట్టలకు తరలిన కూలీల పద్ధతి ఇందుకు తెలిసిన ఉదాహరణ: ఊళ్లోనే మేస్త్రి అడ్వాన్సు ఇస్తాడు, పని చోట తిండికి ఖర్చీ ఇస్తాడు, గడువు తీరాక లెక్క చూస్తాడు. ఎవరు ఎవరికి బాకీ పడ్డారో తేల్చేవాడూ అతడే.

కరవు సీమలో ఈ వివాదం ఆనకట్టలకన్నా పాతది. 1877 క్షామంలో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాల కరవు పనులను తనిఖీ చేసేందుకు వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, రోజంతా పనిచేసిన మగవాడి కూలిని ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యానికీ ఒక అణాకూ కుదించాడు. దానితో మనిషి నిలవలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించిన మీదట ఆ ఏడాది మే నెలలో కూలి పెంచారు. ఆకలితో ఉన్నవాడు ఎంతకైనా ఒప్పుకుంటాడన్న ఆ తర్కాన్ని సుప్రీంకోర్టు తోసిపుచ్చడానికి మరో శతాబ్దం పట్టింది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణాలలో రోజుకు 9 రూపాయల 25 పైసల కూలిలో జమేదారు రూపాయి కోసుకుంటున్న వైనం 1982లో కోర్టు ముందుకు రాగా, కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకునే పని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తుందని జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు చెప్పారు. గుత్తేదారుపైకి నెట్టి ప్రభుత్వం తప్పుకోజాలదని కూడా అన్నారు. మరుసటి ఏడాది రాజస్థాన్ కేసులో అదే సూత్రం కరవు పనులకూ వర్తించింది.

చట్టం లేక కాదు. 2025 నవంబరు దాకా అమలులో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం 21వ సెక్షను ప్రకారం కూలి పంచేటప్పుడు ప్రధాన యజమాని, అంటే పని చేయించుకునే శాఖ, తన ప్రతినిధిని అక్కడ ఉంచవలసి ఉండేది. గుత్తేదారు ఎగవేస్తే ఆ శాఖే చెల్లించి అతని వద్ద వసూలు చేసుకోవాలి. ఇక బిల్లు సంగతి చూస్తే, ఆదాయపు పన్ను, ఖనిజాలపై సీనరేజి, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికి 1996 చట్టంతో మొదలైన ఒక శాతం సెస్సు, అన్నీ బిల్లులోనే కోతపడతాయి. ప్రభుత్వానికి రావలసిన ప్రతి పైసా బిల్లు దాటకుండా చిక్కుతుంది. కార్మికునికి రావలసినదే చిక్కదు. ఇది విధానలోపం కాదు, ప్రాధాన్యాల లెక్క. కూలి లెక్కను కూడా ఇలాగే పట్టుకోవడం అసాధ్యమేమీ కాదు: అమెరికాలో 1931 నాటి డేవిస్-బేకన్ చట్టం కిందికి వచ్చే ఫెడరల్ పనుల గుత్తేదారు వారం వారం ధ్రువీకరించిన వేతన పట్టీ సమర్పించాలి.

2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం దోమలపెంట వద్ద కూలినప్పుడు లోపల చిక్కుకున్న ఎనిమిది మంది ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్‌లకు చెందినవారు. అటువంటి వలస కార్మికులకు 1979 చట్టం నెల వేతనంలో సగానికి తగ్గకుండా స్థానభ్రంశ భత్యం ఇవ్వమంది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో ఆ భత్యం లేదు. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు వర్తించే సంఖ్య 20 నుంచి 50కి పెరిగింది. శాఖ ప్రతినిధి సమక్షంలో పంపిణీకి బదులు బ్యాంకు ఖాతాలో జమ వచ్చింది. అయితే ఏటీఎం కార్డు మేస్త్రి దగ్గరుంటే ఖాతా ఎవరి పేరున ఉన్నా ఒకటే.

ప్రధాన యజమాని బాధ్యత మాత్రం అలాగే నిలిచింది. జరిగిన పని కొలతల పక్కన చెల్లించిన కూలి పట్టీ లేనిదే బిల్లు కదలదని టెండరులో ఒక షరతు రాయడానికి శాసనసభ దాకా వెళ్లనక్కరలేదు, శాఖ తలచుకుంటే చాలు. అందాకా కార్మికులూ వారి సంఘాలూ గుర్తుంచుకోవలసింది ఒకటుంది: వేతనాల కోడ్ కింద బకాయి కోసం మూడేళ్లలోపు దావా వేయవచ్చు, కూలి చెల్లించామని రుజువు చేయవలసిన భారం యజమానిదే, కూలీది కాదు.