మార్కులు అడగని అర్హత

2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ అక్షరం ప్రపంచమంతా వార్తల్లోకెక్కింది. కంటికి కనిపించని ఒక యూనికోడ్ సంకేతాన్ని మధ్యలో పెట్టుకుని అది మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో ఆ మెసేజ్ చూపించే యాప్ కుప్పకూలేది. తెలుగు వచ్చిన ప్రోగ్రామర్లు వేలమంది ఉండి కూడా చూస్తూ ఊరుకోవలసి వచ్చింది. అక్షరాలను తెరమీద పేర్చే ఆ కోడ్ ఆపిల్ కంపెనీ సొంతం, దిద్దాల్సింది వాళ్లే. కొద్ది రోజుల్లో దిద్దారు కూడా. అదే పనిని ఆండ్రాయిడ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రెఆఫీస్‌లో చేసిపెట్టేది హార్ఫ్‌బజ్ అనే కోడ్. దాన్ని ఎవరైనా తెరిచి చదవొచ్చు, తప్పు కనబడితే దిద్ది పంపొచ్చు. ఓపెన్ సోర్స్ అంటే అదీ.

పంపొచ్చు, నిజమే. కానీ లక్షల లైన్ల కోడ్ ముందు కొత్తగా కూర్చున్నవాడికి దాన్ని తన ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేసుకోవడానికే రెండు రాత్రులు పడుతుంది. ‘శ్రీ’ అన్నది మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు శ, పొల్లు, ర, దీర్ఘ గుడి అని నాలుగు సంకేతాలు. వెనక్కి చెరిపే మీట ఒకసారి నొక్కితే అక్షరం మొత్తం పోవాలా, గుడి ఒక్కటే పోవాలా? ఆ నిర్ణయం కోడ్‌లో ఏ ఫైల్లో, ఏ మూల ఉందో చూపించడానికి పాతకాపు ఒకరు పక్కనుండాలి.

గూగుల్ 2005లో మొదలుపెట్టిన ‘సమ్మర్ ఆఫ్ కోడ్’ ఆ పాతకాపును మెంటర్‌గా కుదిర్చే ఏర్పాటు. మెంటర్లు గూగుల్ ఉద్యోగులు కారు, ఆయా ఓపెన్ సోర్స్ సంస్థలవాళ్లు. స్టైపెండ్ గూగుల్‌ది. అమెరికాలో కాలేజీ పిల్లలు వేసవిలో హోటళ్లలో బర్గర్లు తిప్పి ఖర్చులకు సంపాదించుకోవడం మామూలు. ఆ డబ్బేదో మేమిస్తాం, కోడ్ రాయండి అన్నారు. తొలి ఏడాది 200 మందిని తీసుకుందామనుకుంటే 8,700కు పైగా ప్రపోజల్స్ వచ్చిపడ్డాయి. చివరికి 400 పైచిలుకు మందిని తీసుకున్నారు.

అర్హత అనగానే మన ఇళ్లలో వచ్చే మొదటి ప్రశ్న ‘ఎంత శాతం ఉండాలి?’ అని. ఇక్కడ శాతం లేదు, ర్యాంకు లేదు, బ్రాంచి ఏదైనా ఫర్వాలేదు. దరఖాస్తు చేసే నాటికి 18 ఏళ్లు నిండాలి. విద్యార్థి అయినా అయివుండాలి, లేదా ఓపెన్ సోర్స్‌కు కొత్తయినా అయివుండాలి. అమెరికా ఆంక్షలున్న దేశంలో నివాసం ఉండకూడదు. ఇదివరకే రెండుసార్లు ఎంపికైనవారు మళ్లీ రాకూడదు. నీకు ఎంత వచ్చు అని అడగాల్సిన చోట, నువ్వు ఎంత కొత్త అని అడుగుతున్నారన్నమాట. కొత్తవాళ్లను తయారుచేసే పథకం కదా, ఆరితేరినవాడు వచ్చి సీటు పట్టుకుంటే దాని పనే చెడుతుంది.

మొదట్లో విద్యార్థులకు మాత్రమే అనేవారు. 2022లో ఆ గిరి గీత చెరిపేశారు. కాలేజీ వదిలి పదేళ్లయినవారు, పిల్లల్ని పెంచడానికి ఉద్యోగం మానేసి మళ్లీ కోడ్ వైపు చూస్తున్నవారు కూడా రావచ్చు. నా లెక్కలో ఈ ఇరవై ఏళ్లలో జరిగిన మంచి మార్పు ఇదే.

మరో నిబంధన పైకి చిన్నదిగా కనిపిస్తుంది గాని మనవాళ్లకు అసలు తగిలేది అక్కడే: నివాసముంటున్న దేశంలో పనిచేసే హక్కు ఉండాలి. గుంటూరులో ఉండి చేసే అమ్మాయికి దీని ఊసే పట్టదు. అదే అమ్మాయి ఎఫ్-1 వీసా మీద డాలస్‌లో ఎమ్మెస్ చదువుతుంటే వ్యవహారం వేరు. ఎంపికైనా సరే, చదువులో భాగంగా పనిచేయనిచ్చే సీపీటీ వంటి అనుమతి యూనివర్సిటీ ద్వారా తెచ్చుకోకుండా ఆ స్టైపెండ్ ముట్టుకుంటే వీసాకే ముప్పు. ఎంపికయ్యాక కాదు, ప్రపోజల్ రాసేటప్పుడే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకు వెళ్లి అడగాలి.

స్టైపెండ్ కూడా దేశాన్ని బట్టే. ఇటీవలి ఏళ్లలో 350 గంటల పెద్ద ప్రాజెక్టుకు 3,000 నుంచి 6,600 డాలర్లు. భారత్ వాటా ఆ కింది అంచు. కొనుగోలు శక్తి లెక్క అంటారు. బియ్యం ధరకు ఆ లెక్క సరిపోతుంది, ల్యాప్‌టాప్ ధరకు సరిపోదు.

ఈ సంగతిలో ఇలాంటిదే మరో పథకం ‘అవుట్‌రీచీ’ దారి వేరు: 7,000 డాలర్లు, ఏ దేశమైనా ఒకటే. దాని పుట్టుకకూ ఒక కథ ఉంది. 2006లో సమ్మర్ ఆఫ్ కోడ్ కింద, లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే గ్నోమ్ ప్రాజెక్టుకు 181 దరఖాస్తులు వచ్చాయి, ఒక్క ఆడపిల్లా లేదు. నిబంధనల్లో ఎక్కడా అడ్డు లేదు, అయినా లేదు. గ్నోమ్ వాళ్లు ఆ వేసవిలోనే అమ్మాయిల కోసం విడిగా పిలుపునిచ్చారు. అది 2010లో స్థిరమైన కార్యక్రమమై, తర్వాత వివక్షకు గురైన ఇతర వర్గాలకూ తలుపు తీసింది. ఇక్కడ వ్యాసం రాసి చెప్పుకోవాలి: మీ చదువులో, మీ ఊళ్లో మీలాంటివాళ్లు ఎంతమంది, ఏ అడ్డంకులు ఎదురయ్యాయి అని. కాలెండర్ కూడా పరీక్షే. వారానికి 30 గంటలు ఖాళీ కావాలి. విద్యార్థులైతే ఉత్తరార్ధగోళం వారికి మే విడత, దక్షిణార్ధగోళం వారికి డిసెంబరు విడత. ఎవరి వేసవి సెలవులు వాళ్లకు. పని సాగే మూడు నెలల్లో వరసగా 49 రోజులు కాలేజీ లేకుండా ఖాళీ ఉండాలి. సెమిస్టర్ పరీక్షలు జూన్‌లోకి జరిగిపోయే మన కాలేజీల పిల్లలు ఈ అంకె దగ్గర తరచూ ఆగిపోవలసి వస్తుంది. తెలివికి సంబంధం లేని తప్పు, టైం టేబుల్‌ది.

సమ్మర్ ఆఫ్ కోడ్‌కు వస్తే, అర్హత ఉన్నంత మాత్రాన ఎంపిక కాదు. జల్లెడ సంస్థల చేతిలో ఉంటుంది. ప్రపోజల్‌కు ముందే ఒక చిన్న దిద్దుబాటు పంపి చూపించమని చాలా సంస్థలు అడుగుతాయి. పంపిన తొలి దిద్దుబాటుకు తరచూ వచ్చే జవాబు ఒకటుంది: రెండు వేర్వేరు మార్పుల్ని ఒకే కమిట్‌లో కలిపేశావు, విడదీసి పంపు. దానికి చిన్నబుచ్చుకుని మానేసేవారు కొందరు. రాత్రికి రాత్రి విడదీసి, దానికో టెస్టు కూడా రాసి పంపేవారు కొందరు. మెంటర్ చూసేది ఆ రెండో ఉత్తరాన్నే.

రెండు వేసవులు పూర్తిచేసినవారికి కంట్రిబ్యూటర్‌గా మూడో అవకాశం లేదు. మెంటర్‌గా రావచ్చు. అప్పుడు ఎవరో కొత్తవాళ్లు పంపిన దిద్దుబాటు తెరిచి, రెండు మార్పులు ఒకే కమిట్‌లో ఉన్నాయి, విడదీసి పంపు అని రాయడం వీళ్ల వంతు.