తైలం పూస్తే ఇక ఆశ లేనట్టేనా?

“ఫాదర్ గారిని పిలిపిద్దామా?” అని అడగగానే చాలామంది బంధువుల ముఖాలు వాడిపోతాయి. “అంత సీరియస్‌గా ఉందా?” అంటారు. రోగి బెంగపెట్టుకుంటాడని ఆ మాటే ఎత్తనివ్వరు. తీరా స్పృహ తప్పాక, అర్ధరాత్రి గురువుల కోసం పరుగులు తీస్తారు. కండ్లకోయ, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల కతోలిక కుటుంబాలు ఈ సంస్కారం అర్థం తెలుసుకుంటే ఆ భయం పోతుందని మా ఆశ.

పాత పేరు తెచ్చిన భయం

మన పెద్దలు దీనిని ‘అవస్థ అభ్యంగనం’ అనేవారు. అందుకే ఇది ప్రాణం పోయే ఘడియలో చేసేదని మనసుల్లో నాటుకుపోయింది. 1963లో రెండవ వాటికన్ మహాసభ దీనిని ‘వ్యాధిగ్రస్తుల అభ్యంగనం’ అనడమే మేలని, ఇది మరణశయ్యపై ఉన్నవారికి మాత్రమే కాదని తెలిపింది. 1972లో ఆరవ పౌలు పోపుగారు కొత్త క్రమాన్ని ఆమోదించారు.

దీనికి మూలం యాకోబు పత్రిక 5వ అధ్యాయం. సంఘ పెద్దలను రోగి తానే పిలిపించుకోవాలని అక్కడ ఉంది. అంటే కబురు పెట్టేపాటి తెలివి ఉన్నప్పుడే అన్నమాట!

ఒక్కొక్క భాగానికి ఒక అర్థం

తీర్థజలం: మన జ్ఞానస్నానాన్ని గుర్తుచేస్తుంది.

చేతులుంచడం: గురువులు మౌనంగా రోగి తలపై చేతులుంచుతారు. యేసు ప్రభువు కుష్ఠురోగిని సైతం తాకారు. జబ్బు మనిషిని ఒంటరిని చేస్తుంది. ఆ స్పర్శ “నీవు ఒంటరివి కావు” అని చెబుతుంది.

తైలం: ఏటా పవిత్ర వారంలో పీఠాధిపతులు ఆశీర్వదించే నూనె ఇది. సాధారణంగా ఒలీవ నూనె. దొరకని చోట మరో మొక్క నూనె వాడవచ్చు. పూర్వం కళ్లు, చెవులు, ముక్కు, పెదవులు, చేతులకు పూసేవారు. ఇప్పుడు నుదుటికి, చేతులకు పూస్తారు. మన ఆలోచనలు, భయాలు, పనిపాటలు అన్నీ దేవుని చేతిలో పెట్టడమే దీని భావం.

సత్ప్రసాదం: నిజానికి మరణవేళకు చెందినది అభ్యంగనం కాదు, అప్పుడిచ్చే దివ్యసత్ప్రసాదం. దాని లాటిన్ పేరు ‘వియాతికుం’. మన మాటల్లో దారిబత్తెం.

ఎవరికి? ఎప్పుడు?

తీవ్రమైన జబ్బు ఉన్నవారు, దానికోసం పెద్ద ఆపరేషన్‌కు వెళ్లేవారు, వయసు మీరి బాగా నీరసించినవారు స్వీకరించవచ్చు. కోలుకుని మళ్లీ జబ్బుపడినా, అదే జబ్బు ముదిరినా మరోసారి పొందవచ్చు. స్పృహ లేనివారికీ ఇస్తారు. కానీ మెలకువగా ఉంటేనే పాపసంకీర్తనం చేసుకోగలరు, ప్రార్థనలో గొంతు కలపగలరు.

వార్డులో జాగ్రత్తలు

• ఆక్సిజన్ పెట్టిన చోట కొవ్వొత్తి వెలిగించకండి.
• నోటితో ఏమీ ఇవ్వవద్దని డాక్టరు చెప్పి ఉంటే, సత్ప్రసాదానికి ముందు నర్సును అడగండి.
• రోగిని తాకే ముందు, తాకిన తర్వాత చేతులు కడుక్కోండి.
• తైలం పూశారని మాత్రలు మానకండి, ఆపరేషన్ వాయిదా వేయకండి. వైద్యానికి ఇది తోడే గాని బదులు కాదు.

మీ ఇంట్లో ఎవరైనా మంచం పట్టి ఉంటే, రోగితోనే మెల్లగా మాట్లాడి, ఈ వారమే మీ విచారణ గురువులకు కబురు పెట్టండి. ఆసుపత్రిలో ఉంటే వార్డు సిస్టర్‌తో చెప్పండి, చాలు.