పదిమంది కాలిబలము

ప్రతి సంవత్సరము ఆగస్టు నెల మొదటి శని, ఆదివారములలో, అమెరికా సంయుక్త రాష్ట్రముల ఈశాన్యభాగమున నున్న మసాచుసెట్సు రాష్ట్రమున వేలకొలది జనులు తెల్లవాఱకముందే సైకిళ్ళతో రోడ్డుమీదికి వత్తురు. వారిలో వైద్యులు, నర్సులు, ఉపాధ్యాయులు, వర్తకులు, పింఛను పుచ్చుకొనువారు ఉందురు. శాసనకర్తలును, పేరుగాంచిన ఆటగాండ్రును కూడ ఆ గుంపులో కానవచ్చుచుందురు. వారు త్రొక్కు మార్గములు పలువిధములుగా నున్నవి. వానిలో మిక్కిలి దీర్ఘమైనది స్టర్‌బ్రిడ్జి యను ఊరినుండి సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన కేప్ కాడ్ కొనయందలి ప్రావిన్స్‌టౌను వఱకు పోవును. రెండు దినములలో దాదాపు 300 కిలోమీటర్ల ప్రయాణ మది.

ఈ యాత్రకు పాన్-మాస్ ఛాలెంజ్ అని పేరు. రాష్ట్రమును ఈ కొననుండి ఆ కొనకు దాటుట యని దాని భావము. ఇది పందెము కాదు గనుక ముందు చేరినవారికి బహుమానము లేదు, వెనుకబడినవారికి చిన్నతనము లేదు. ఒక నియమము మాత్రము కఠినముగా పాటింపబడును. సైకిలు త్రొక్కదలచినవారు తమ బంధుమిత్రులను, ఇరుగుపొరుగువారిని, తోడి ఉద్యోగులను అడిగి నిర్ణీతమైన విరాళమును ప్రోగుచేయవలయును. అది తక్కువపడినచో లోటును తమ చేతిసొమ్ముతో పూరింపవలయును. ఆ ధనమంతయు కాన్సరు రోగుల చికిత్సకును, ఆ వ్యాధిని గూర్చిన పరిశోధనలకును వినియోగమగును.

36 మందితో ఆరంభము

బిల్లీ స్టార్ అను యువకుని తల్లి 1974లో, తన 49వ యేట, మెలనోమా యను చర్మపు కాన్సరుచే మరణించెను. కొన్ని సంవత్సరములు గడచిన పిమ్మట ఆ దుఃఖమునకు ఒక సత్కార్యరూపము నీయవలయునని అతడు సంకల్పించెను. 1980లో స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమునుండి ప్రావిన్స్‌టౌను వఱకు అతడు ఏర్పాటుచేసిన తొలియాత్రలో 36 మంది సైకిలు త్రొక్కిరి. ఆ యేట సమకూడినది 10,200 డాలర్లు మాత్రమే.

చినుకు చినుకు చేరి చెఱువు నిండినట్లు ఈ నిధి ఏటేట పెరిగెను. పాల్గొనువారి సంఖ్య ఆఱువేలకు మించినది. 2019లో 6 కోట్ల 30 లక్షల డాలర్లును, 2024లో 7 కోట్ల 50 లక్షల డాలర్లును వసూలైనవి. 1980 మొదలు 2024 వఱకు చేరిన మొత్తము 100 కోట్ల డాలర్లు దాటినది. ఒక్కొక్క యాత్రికుని వెనుక పదులకొలది దాతలు ఉందురు. పొరుగింటి వృద్ధురాలు ఇచ్చిన పది డాలర్లును, సంపన్నుడైన వర్తకుడు ఇచ్చిన వేయి డాలర్లును ఒక్క లెక్కలోనే చేరును.

యాత్రికులు తెచ్చిన విరాళములో ప్రతి డాలరును బోస్టన్ నగరమందలి డానా-ఫార్బర్ కాన్సరు సంస్థకు అందును. యాత్ర నిర్వహణకగు వ్యయమును నమోదు రుసుములవలనను, వాణిజ్యసంస్థల సహాయమువలనను వేఱుగా భరింతురు. ఇచ్చిన సొమ్ము రోగికే చేరుననెడి నమ్మకము దృఢముగా నున్నందుననే దాతలు మఱుసటి సంవత్సరము కూడ చేయి చాపి ఇచ్చుచున్నారు.

జిమ్మీ యను బాలుడు

ఈ ధనము చేరు సంస్థకు కూడ ఒక కథ గలదు. బోస్టన్ పిల్లల ఆసుపత్రియందు పనిచేయుచుండిన డాక్టరు సిడ్నీ ఫార్బరు పిల్లలకు వచ్చు కాన్సరును మందులతో లొంగదీయవచ్చునని నమ్మెను. దానికి ధనము కావలసివచ్చెను. 1948 మే 22వ తేదీ రాత్రి, దేశమంతట ప్రసారమగు ఒక రేడియో కార్యక్రమమున వ్యాఖ్యాత రాల్ఫ్ ఎడ్వర్డ్సు ఫార్బరు వార్డులోని 12 ఏండ్ల బాలునితో మాటలాడెను. బాలుని గుట్టు కాపాడుటకై అతనిని ‘జిమ్మీ’ యని పిలిచిరి. అతని కిష్టమైన బోస్టన్ బ్రేవ్సు బేస్‌బాల్ జట్టులోని ఆటగాండ్రు ఒక్కొక్కరుగా మంచముచెంతకు వచ్చి పలుకరించిరి. ఆ మాటలను దేశమంతయు ఆలకించెను. ఆటను చూచుటకు జిమ్మీకి ఒక టెలివిజను కావలెనని వ్యాఖ్యాత తెలిపి, 20,000 డాలర్లు ప్రోగైనచో అది అతనికి లభించునని ప్రకటించెను. వచ్చిన మొత్తము రెండు లక్షల డాలర్లకు మించెను. దానితో జిమ్మీ నిధి వేళ్ళూనుకొనెను.

ఆ బాలుడు మరణించియుండునని లోకము చాలకాలము తలచెను. అతని అసలు పేరు ఐనార్ గుస్టాఫ్‌సన్. అతడు స్వస్థుడై, పెరిగి పెద్దవాడై, లారీ నడిపి జీవించెను. సరిగా 50 సంవత్సరములకు, 1998లో, ప్రజలయెదుటికి వచ్చెను. 2001లో, 65 ఏండ్ల వయస్సున, పరమపదించెను.

ఒక తెలుగువాని కృషి

ఆనాడు ఫార్బరు చేతిలోనున్న క్రొత్త మందుల వెనుక ఒక తెలుగు శాస్త్రజ్ఞుని కృషి కలదు. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, 1923లో బోస్టన్ చేరిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున చిరకాలము పరిశోధన గావించి, 1940లో లెడర్లీ ఔషధ పరిశోధనాలయమున ప్రవేశించిరి. వారి నాయకత్వమున పనిచేసిన శాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. తరువాత దానిని పోలియుండియు దాని పనిని అడ్డగించు పదార్థములను కూడ రూపొందించిరి.

రక్తపు కాన్సరగు ల్యుకీమియాలో చెడిన తెల్లకణములు అడ్డులేక వృద్ధిపొందును. ఆ వృద్ధికి ఫోలిక్ ఆమ్లము అవసరము. దొంగ తాళపుచెవి తాళములో దూరి, తిరుగక, అసలు చెవికి చోటులేకుండ చేసినట్లు, ఈ మందులు ఫోలిక్ ఆమ్లము పనిచేయవలసిన చోట నిలిచి కణముల వృద్ధిని ఆపును. అట్టి మందులలో నొకటియగు అమినోప్టెరిన్‌ను ఫార్బరు 16 మంది పిల్లలకు ఇచ్చెను. వారిలో 10 మందికి గుణము కనబడెనని 1948 జూనులో ప్రకటించెను. ఆ గుణము తాత్కాలికమే అయినను, కొద్ది వారములలో మరణించుట తప్పదని భావింపబడిన పిల్లలు లేచి తిరుగుట వైద్యలోకము అదివఱ కెఱుగని విషయము. ఆ యేడే, ఆగస్టు నెలలో, సుబ్బారావుగారు 53 ఏండ్ల వయస్సున న్యూయార్కులో కన్నుమూసిరి. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని ల్యుకీమియా చికిత్సయందు వాడుకలో నున్నది. సర్వసదుపాయములు గల దేశములలో నేడు పిల్లలకు తఱచుగా వచ్చు ల్యుకీమియానుండి నూటికి సుమారు 90 మంది బయటపడుచున్నారు.

పేరుగలవారు చేయగలిగినది

బ్రేవ్సు జట్టు 1953లో బోస్టన్ విడిచి పోగా రెడ్ సాక్సు జట్టు జిమ్మీ నిధిని తనదిగా స్వీకరించెను. ఆ జట్టులో మేటియగు టెడ్ విలియమ్సు ఎన్నో మారులు రోగులైన పిల్లల మంచములకడ కూర్చుండెను. పత్రికలవారు వెంట రాగూడదని అతడు పట్టుబట్టెడివాడు. 1960లో అతని తమ్ముడే ల్యుకీమియాకు బలియయ్యెను. ఆ జట్టు నెలకొల్పిన ధర్మసంస్థ 2003 నుండి సైకిలు యాత్రకు ప్రధానముగా తోడ్పడుచు వచ్చినది.

2004లో అమెరికా అధ్యక్షపదవికి పోటీచేసిన జాన్ కెర్రీ, సెనేటరుగా నున్నకాలమున ఈ యాత్రలో పాల్గొనెను. ఆయన తండ్రి ప్రోస్టేటు గ్రంథి కాన్సరుతో 2000లో మరణించెను. ఆయనకు కూడ అదే వ్యాధి వచ్చి 2003లో శస్త్రచికిత్స జరిగెను. ఆ సంగతిని ఆయన దాచిపెట్టక ప్రజలకు తెలిపెను. మన సమాజమున నేటికిని కాన్సరు పేరు చెప్పుటకు జంకువారు, ఇంటిలోని పిల్లల పెండ్లిండ్లకు అడ్డువచ్చునని దాచువారు కలరు. ఆ దాపఱికమువలన చికిత్స ఆలస్యమై ప్రాణములు పోవుచున్నవి. పదిమంది ఎఱిగిన వ్యక్తి తనకు ఈ వ్యాధి వచ్చినదనియు, చికిత్స పొంది తిరుగుచున్నాననియు చెప్పిన మాట ఎన్నో గోడప్రకటనలకంటె మిన్నగా పనిచేయును. ఈ యాత్రలో ఏటేట వ్యాధిని జయించినవారును, చికిత్స పొందుచున్నవారును వందలకొలదిగా సైకిలు త్రొక్కుచున్నారు. వారికి ‘సజీవ సాక్ష్యములు’ అను అర్థము గల పేరు పెట్టిరి.

అయినను ప్రముఖుల రాకమీదనే ఇట్టి కార్యము ఆధారపడి యుండగూడదు. కోవిడ్ మహమ్మారి వ్యాపించిన 2020లో ఈ యాత్ర సామూహికముగా జరుగలేదు. బయలుదేరుచోట జనసమ్మర్దము లేదు, వాద్యములు లేవు, చూడదగిన ప్రముఖులు లేరు. ఎవరి ఊరిలో వారే, ఎవరి వీథిలో వారే సైకిలు త్రొక్కిరి. ఆ యేట కూడ 5 కోట్ల డాలర్లు వసూలైనవి. నలువది సంవత్సరములుగా ఇంటింట నాటుకొనిన అలవాటే ఆ నిధిని నిలిపినది.

దేహమునకు గలుగు మేలు

సైకిలు త్రొక్కుట కాన్సరుకు మందు కాదు. కాని నిత్యము శరీరశ్రమ చేయువారికి పెద్దప్రేగు కాన్సరు, స్త్రీలలో రొమ్ము కాన్సరు, గర్భాశయపు లోపొర కాన్సరు వచ్చు అవకాశము తగ్గునని శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. గుండెజబ్బు, మధుమేహము, రక్తపుపోటు విషయమునను ఇట్లే మేలు కలుగును. పెద్దలు వారమునకు 150 నుండి 300 నిమిషములు ఒక మోస్తరు శ్రమ చేయవలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. పనికి పోవుటకును వచ్చుటకును సైకిలు వాడువాడు వేఱుగా వేళ కేటాయింపకయే ఈ లెక్కను పూర్తిచేయగలడు.

దూరయాత్ర చేయదలచినవారు రెండు మూడు నెలల ముందునుండియే కొద్దికొద్దిగా దూరము పెంచుకొనవలయును. గుండెజబ్బు, ఉబ్బసము, మధుమేహము గలవారు ముందుగా వైద్యుని అడుగవలయును. తలకు గట్టి టోపీ ధరించుట, బ్రేకులు, టైర్లు పరీక్షించుకొనుట, ఎండ ముదరకముందే యాత్ర ముగించుట, దాహము కాకముందే నీరు, మజ్జిగ త్రాగుట అవసరము. రొమ్ములో నొప్పి, కన్నులు తిరుగుట, మితిమీరిన ఆయాసము తోచినచో వెంటనే దిగి ఆగవలయును.

మన ఊళ్ళలో

మన దేశమున కేంద్ర క్రీడల మంత్రిత్వశాఖ 2024 డిసెంబరులో ఆరంభించిన సైకిలు ఉద్యమమున ఆదివారములందు మంత్రులు, క్రీడాకారులు సామాన్యులతో కలిసి త్రొక్కిరి. ఈ ఉత్సాహమును ఒక సత్కార్యమునకు కూడ మరల్చవచ్చును. ల్యుకీమియా వచ్చిన పిల్లలలో పలువురు మన దేశమున ఆలస్యముగా ఆసుపత్రి చేరుటవలనను, నడుమ చికిత్స మానుటవలనను మరణించుచున్నారు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వచ్చిన ఆరోగ్యశ్రీ, 2018లో కేంద్రము ఆరంభించిన ఆయుష్మాన్ భారత్ వంటి పథకములు ఆసుపత్రి ఖర్చులను భరించుటకు ఏర్పడినవే. కాని నెలలతరబడి పట్టణములో ఉండవలసిన తల్లిదండ్రులకు బస్సు చార్జీలు, అద్దె గది, పూటకూడు, పోయిన కూలి అను భారములు మిగులుచునే యున్నవి. చిన్న ఊరివారు సైకిలు యాత్ర చేసి ప్రోగుచేయగల స్వల్పనిధి సరిగా ఇట్టిచోటనే అక్కఱకు వచ్చును.

అట్టి యాత్ర తలపెట్టువారు ధనము ఎవరికి, దేనికి చేరునో ముందే ప్రకటింపవలయును. ప్రతి రూపాయికి రశీదు ఇచ్చి, లెక్కలను పంచాయతీ కార్యాలయమువద్దనో, పాఠశాల గోడమీదనో అందఱికి కనబడునట్లు ఉంచవలయును. ప్రముఖులను పిలిచినచో పూలమాలతో సరిపుచ్చక, వారిచేత కొంతదూరమైనను సైకిలు త్రొక్కించి, వ్యాధిలక్షణములను గూర్చి నాలుగు మాటలు చెప్పింపవలయును. పిల్లలకు తగ్గని జ్వరము, పాలిపోవుట, కారణములేక ఒంటిపై కమిలిన మచ్చలు, ఎముకల నొప్పి, గడ్డలు కనబడినచో ఆలస్యము చేయక వైద్యునికి చూపవలయునను మాట ఆనాడు ఊరందఱి చెవిని పడవలయును. రోగియైన పిల్లవాని పేరును, ఫొటోను తల్లిదండ్రుల అనుమతి లేక ఎవరును వాడరాదు. ‘జిమ్మీ’ అసలు పేరును 50 సంవత్సరములు గుట్టుగా నుంచిన పద్ధతి ఈ విషయమున ఆదర్శము.

36 మంది తెచ్చిన 10,200 డాలర్లు మొదటి యేట ఎవరి కంటికిని పెద్దగా ఆనలేదు. మఱుసటి యేడు మరల బయలుదేరుటయే ఆ యాత్రను ఇంతవఱకు తెచ్చినది. ఊరిలో పదిమంది సైకిలుపై వెళ్ళి ఒక్క బిడ్డ చికిత్స నడుమ ఆగకుండ చూచినచో, ఆ యేటి యాత్ర ఫలించినట్లే.