సముద్రం అడుగు నుంచి ఊళ్లోకి

నార్వే మ్యాప్‌లో పైకొన మీద వేలు పెట్టి తూర్పుకు జరపండి. ఇక నేల అయిపోయింది అనుకునే చోట ఒక చిన్న ద్వీపం ఉంటుంది. దాని మీదున్న చేపల రేవే వర్డో. నార్వేలో తూర్పు చివరి పట్టణం ఇదే. జనాభా సుమారు రెండు వేలు. మన దగ్గర అదొక మామూలు ఊరు, అక్కడ పట్టణం.

విమానం దిగేది ద్వీపం మీద కాదు, ఎదురు ఒడ్డున. అక్కడి నుంచి సముద్రం కింద సొరంగంలో వెళ్లాలి. 1982లో తెరిచిన ఈ సొరంగం పొడవు 2.9 కిలోమీటర్లు, లోతు సముద్రమట్టానికి 88 మీటర్లు కింద. నార్వేలో సముద్రం కింద తవ్విన మొదటి రోడ్డు సొరంగం ఇదే. రాయికి డ్రిల్లు వేసి, మందు దట్టించి పేలుస్తూ తొలిచారు. రోడ్డు వాలుగా దిగుతుంది, అడుగుకు చేరి మళ్లీ ఎక్కుతుంది. పగుళ్లలోంచి ఊరే నీళ్లన్నీ ఆ పల్లానికే చేరతాయి కాబట్టి పంపులతో తోడుతూనే ఉండాలి. సైటు పని చేసినవాళ్లకు ఫిరంగుల కోట కంటే ఇదే బాగా నచ్చుతుంది. నాకైతే అంతే.

ఊళ్లో చెట్లు దాదాపు లేవు. ఎప్పుడూ గాలే. నవంబరు చివర్లో మునిగిన సూర్యుడు జనవరి మూడో వారం దాకా మొహం చూపించడు. మళ్లీ నిండుగా కనిపించిన రోజు కోటలో ఫిరంగి పేలుస్తారు, బడిపిల్లలకు సెలవిస్తారు. గల్ఫ్‌లో ఎండకు భయపడి మధ్యాహ్నం పని ఆపేసే మనకు ఇది వింతే! ఇంత చలిలోనూ అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం వల్ల రేవు గడ్డకట్టదు. అందుకే చలికాలంలోనూ పడవలు వేటకు పోతాయి.

ఆ తీరానికి బువ్వ పెట్టేది కాడ్ చేప. మన తీరంలో చేపకు ఉప్పు పట్టించి ఎండలో పెడతాం. అక్కడ ఉప్పు లేకుండానే జంటలుగా తోకలు కట్టి కొయ్య పందిళ్ల మీద వేలాడదీస్తారు. చల్లగాలికే ఎండిపోతుంది. తలకాయలు కూడా పారేయరు, ఎండబెట్టి నైజీరియాకు పంపుతారు.

ఫిన్‌మార్క్ తీరంలోని చేపల ఫ్యాక్టరీలకు 1980ల నుంచి శ్రీలంక తమిళులు వచ్చారు. మంచులో చేపలు కోసి, ఇళ్లకు డబ్బు పంపి, పిల్లల్ని చదివించుకున్నారు. తర్వాత ఫ్యాక్టరీలు మూతపడటంతో చాలామంది ఓస్లో వైపు వెళ్లిపోయారు. స్థానికులూ వెళ్లిపోయారు. ఒకప్పుడు వర్డో జనాభా ఇప్పటికి దాదాపు రెట్టింపు. ఖాళీ ఇళ్ల గోడల మీద 2012లో చిత్రకారులు వచ్చి బొమ్మలు వేశారు. అవి అందంగానే ఉన్నాయి, కానీ కిటికీల వెనక మనుషులు లేరు.

రోడ్డు పడితే ఊరు బాగుపడుతుందని మనవైపు అంటుంటారు. వర్డోకి రోడ్డు సముద్రం కింద నుంచి వచ్చింది. ఆ రోడ్డు మీదే జనం బయటికి పోయారు. తాళాలు వేసిన మన ఊళ్లు, కరీంనగర్ పల్లెలైనా కోనసీమ లంకలైనా, గుర్తుకు రాకుండా ఎలా ఉంటాయి? ఊరు నిలవాలంటే రోడ్డుతో పాటు అక్కడే పని దొరకాలి.

చూడాలనుకునేవాళ్లు మే మధ్య నుంచి జులై చివరి లోపు వెళ్లండి, అర్ధరాత్రి కూడా సూర్యుడు ఉంటాడు. జులైలోనూ స్వెట్టర్ తప్పదు. చేపల ఫ్యాక్టరీలో పని ఇప్పిస్తానని ఎవరైనా ఏజెంటు చెబితే మాత్రం జాగ్రత్త. టూరిస్టు వీసా మీద పని చేయడానికి నార్వేలో వీల్లేదు. యజమాని ఇచ్చిన ఉద్యోగ పత్రం, వర్క్ పర్మిట్ చేతికొచ్చాకే పైసా కదపండి.