కొలువు బొమ్మల బాగుచేత, అలంకరణ

తెలుగునాట బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో, కొన్ని ప్రాంతాల్లో దసరాకూ కోస్తా జిల్లాల్లో ఎక్కువగా సంక్రాంతికీ 3, 5, 7, 9 మెట్ల మీద కొలువుదీరే బొమ్మలు ఒక్కనాడు కొన్నవి కావు. ఏటా ఒక్కటైనా కొత్త బొమ్మ చేర్చాలన్న ఆనవాయితీ వల్ల తరతరాలుగా కూడినవి. మట్టి, కాగితపు గుజ్జు, పొణికి, ఎర్రచందనం ఒకే మెట్టు మీద నిలిచినా వాటికి చేయవలసిన బాగుచేత ఒకటి కాదు. బొమ్మ దేనితో తయారైందో తెలియకుండా పెట్టిన చేయి చాలాసార్లు దాన్ని చెడగొడుతుంది.

విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని కొండపల్లిలో, తెల్లపొణికి అనే తేలికైన మెత్తని చెక్కను సన్నని సెగ మీద ఆరబెట్టి తేమ పోగొట్టాక, తల, మొండెం, చేతులు వేర్వేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కు అనే ముద్దతో అతికి, సున్నపు పూత ఆరిన తరువాత రంగులు వేస్తారు. అందువల్ల పెట్టె తెరిచేసరికి చేయి ఊడివస్తే, చాలావరకు అతుకు వదిలిందని అర్థం. గుంటలో పొడిబారిన పాత మక్కును మెత్తని కుంచెతో దులిపి, కొత్త మక్కును పలుచగా రాసి, చేతిని సరిగ్గా కూర్చి, నూలు దారంతో చుట్టి నీడపట్టున ఆరనివ్వాలి. తొందరపడి బజారులో దొరికే గట్టి రసాయనపు ముద్ద పెడితే అతుకు నిలిచినా, మళ్లీ దెబ్బ తగిలినప్పుడు పక్కనున్న మెత్తని చెక్క చీలుతుంది. దాన్ని ఊడదీసి సరిచేయడమూ కష్టమే. మక్కు తడికి మెత్తబడుతుంది గనుక, ఒక తరం వేసిన అతుకును తరువాతి తరం విప్పుకోగలదు. పాత పనివారి పద్ధతిలోని ఈ ముందుచూపును ఎంత మెచ్చుకున్నా తక్కువే.

రంగు దగ్గర మరింత నిగ్రహం కావాలి. పెచ్చు ఊడిన మేరకే సున్నం నింపి, ఆ అంచు దాటకుండా రంగు అద్దాలి. మెరుపు కోసం ముఖమంతా ఎనామిల్ పూస్తే, కనుబొమను ఒక్క గీతలో దించిన కళాకారుని పనితనం శాశ్వతంగా మరుగునపడుతుంది. మట్టిబొమ్మల రంగు చాలావరకు నీటికి ఆగదు కాబట్టి వాటికి తడిగుడ్డ తగలనీయరాదు.

దుస్తుల పని ముఖ్యంగా తిరుపతి యాత్రలో కొని తెచ్చుకునే ఎర్రచందనపు ఆలుమగల జంటది. ఎర్రచందనం చట్టరక్షణలో ఉన్న చెట్టు కనుక, ఇంట్లో ఉన్న పాత జంటను జాగ్రత్త చేసుకోవడం మరీ అవసరం. అడుగు ఎత్తు బొమ్మకు బరువైన జరీ పట్టు చుడితే కుచ్చిళ్లు ఒదగక గొడుగులా విచ్చుకుంటాయి. పలుమార్లు ఉతికి మెత్తబడిన వాయిలు చీర ముక్క అయితే సన్నని మడతలుగా ఒంటికి అంటి జారుతుంది, దానికి వేలెడు కన్నా సన్నని అంచు కుట్టితే చాలు. గుండుసూదులు తుప్పు మరక విడుస్తాయి కాబట్టి నడుము దగ్గర దారంతోనే బిగించాలి. కొలువు ఎత్తాక బట్టలు విప్పి విడిగా మడిచి, బొమ్మలను పాత నూలుగుడ్డల్లో చుట్టి, ఎండిన వేపాకు వేసిన చెక్కపెట్టెలో ఉంచాలి. ప్లాస్టిక్ సంచుల్లో చుడితే లోపల చిక్కిన తేమకు రంగు పొరలుగా లేస్తుంది.