ట్రైలరు క్రింది కమానులు

అమెరికాలోని బిడ్డలను చూడబోయిన మన తలిదండ్రులు అక్కడి రహదారులపై ఒక వింతను చూచియే యుందురు. పెద్ద కారొకటి ముందు పోవుచుండును; దాని వెనుక ఒక ఇల్లు దొరలుచు వచ్చుచుండును. అందు పడకలు, వంటపొయ్యి, నీళ్లతొట్టి, స్నానపుగది సర్వమును ఉండును, ఇంజను మాత్రముండదు. దీనినే ట్రావెల్ ట్రైలరు అందురు. ఇండియానా రాష్ట్రమందలి ఎల్కార్టు పట్టణమునను దాని చుట్టుపట్లను ఇవి విశేషముగా తయారగుచున్నవి. సెలవు దొరికినంతనే సంసారమును వెంటబెట్టుకొని కొండలకో సరస్సులకో పోవు ఆచారము ఆ దేశమున మిక్కుటము. అక్కడ స్థిరపడిన మనవారును కొందరు ఈ యిండ్లను కొనుచున్నారు. వారి నిమిత్తమును, వారిని చూడబోవు పెద్దల నిమిత్తమును ఈ నాలుగు మాటలు చెప్పబూనితిని.

ముప్పదియైదేండ్లు వ్యాకరణమును కావ్యములను బోధించి విశ్రాంతి గైకొన్న నాకు ఇనుముతో ఏమి పని యని తాము అడుగవచ్చును. ఆ పని నేను కోరి తెచ్చుకొన్నది కాదు. 2019వ సంవత్సరమున మా కుమారుడు డల్లాసు నగరమున నుండగా, నన్నును మా గృహిణిని వెంటబెట్టుకొని, అమరిల్లో పట్టణమునకు సమీపముననున్న పాలో డ్యూరో లోయకు బయలుదేరెను. దారి ఇంచుమించు 360 మైళ్లు. ట్రైలరు పాతది, రెండవచేతిమీద కొన్నది. లోయ చేరి తలుపు తీయగా, లోపల అలమారు తలుపులు బార్లా తెరచి యుండెను. ఆవకాయ జాడీ నేలపై దొర్లి మూత ఊడియుండెను. ఎక్కడిదో ఒక మర మేకు నూనెలో తేలుచుండెను. కోడలు నొచ్చుకొనెను, మేము నవ్వి తుడిచి వేసితిమి. ఆ మేకు ఎక్కడిదని ఎవ్వరమును విచారింపలేదు.

తిరుగుదారిలో విచిటా ఫాల్సు దగ్గర పెట్రోలుకై ఆగినపుడు నేను కాళ్లు సాచుకొనుటకు దిగితిని. బండి ఆగినచో ఇరుసువంక ఒకమారు చూచుట పల్లెటూరివానికి పుట్టుకతో వచ్చిన అలవాటు. చూడగా, ట్రైలరుకు ఒక్కొక్క ప్రక్కను రెండేసి చక్రములు ఉన్నవి గదా, కుడిప్రక్కను ఆ రెంటినడుమ నా అరచేయి సులువుగా దూరుచున్నది. ఎడమప్రక్కను వ్రేళ్లు మాత్రమే పట్టుచున్నవి. కుమారుని పిలిచితిని. "నాన్నగారూ, అది మొదటినుండి అంతేనేమో!" అనెను. "మొదటినుండి అంతే యని నీవు చూచితివా?" అని అడిగితిని. చూడలేదు. ఆ పూట ప్రయాణము మానుకొని ఒక మెకానిక్కును పిలిపించితిమి. అతడు బోల్టు నొకదానిని ఊడదీసి నా చేత పెట్టెను. నడుమ సగము అరిగి, కొరికిన చెరకుముక్కవలె నున్నది. ఇంకొక యాబది మైళ్లు పోయియుండినచో అది తెగియుండెడిది. రహదారిమీద వేగముగా పోవుచున్న ఇల్లు ఒకప్రక్కకు ఒరగి, దాని వెనుక వచ్చువారి గతి యేమయ్యెడిదో తలచుకొనుటకే భయము వేయుచున్నది.

ఇట్టిది ముందుగా ఎందుకు తెలియదు? ఈ ప్రశ్నయే నన్ను ఆ యినుముదగ్గర కూర్చుండబెట్టినది. ఎడ్లబండి నడుమ గుంతలోబడినచో తోలువాని నడుము చెప్పును. జట్కాకు కమాను విరిగినచో లోపలివారే కేకవేయుదురు. కారైనను అంతే. ట్రైలరు నడచుచుండగా దానిలో ఎవ్వరును కూర్చుండరు. అనేక రాష్ట్రములలో అది నిషిద్ధము గూడ. కావున దానికి తగిలిన దెబ్బ నెరుగు మనుష్యుడే లేడు. తోలువాడు ముందు కారులో మెత్తని ఆసనముపై సుఖముగా కూర్చుండి సంగీతము వినుచుండును. వెనుకటి కుదుపును చెప్పునవి గిన్నెలు, తలుపులు, మేకులు మాత్రమే. ఆవకాయ జాడీ మాకు ఆ మాటయే చెప్పినది; మేము వినలేదు.

ఇక యంత్రరచన. కమాను అనగా విల్లు. జట్కాల క్రిందను లారీల క్రిందను ఉన్న కమాను కట్టవంటిదే ట్రైలరు క్రిందను ఉండును: ఒకదానిపై నొకటి పేర్చిన ఉక్కు పట్టీలు, అన్నింటికంటె పొడవైన పట్టీకి రెండుకొనలను చుట్టిన రెండు కన్నులు. ఇరుసును ఈ కట్టకు నడుమ యూ బోల్టులతో బిగింతురు. రెండిరుసుల బండికి ఒక్కొక్క ప్రక్కను రెండు కట్టలు. ముందుకట్ట ముందుకన్నును, వెనుకకట్ట వెనుకకన్నును చట్రమునుండి వ్రేలాడు ఇనుపచెవులకు బోల్టులతో తగిలింతురు. నడుమ నున్న రెండు కన్నులకును రెండేసి ఇనుపపలకల జంట యుండును. దానిని షాకిల్ అందురు. ఈ రెండు షాకిళ్లును నడుమ నొక త్రాసుకాడకు తగులుకొనియుండును. దాని పేరు ఈక్వలైజరు. ముందుచక్రము మిట్ట నెక్కినపుడు త్రాసు ముందుకొన పైకిలేచి వెనుకకొన దిగి, వెనుకకట్టకును బరువులో పాలు పెట్టును. ఏతము త్రొక్కినవారికి దీనిని వేరుగా బోధింప నక్కరలేదు. విల్లు వంగవలెనన్న పొడవు సాగవలెను గదా; ఆ సాగుబాటునకు చోటిచ్చునది షాకిల్.

లెక్కించి చూడగా ప్రక్కకు ఏడు చొప్పున రెండుప్రక్కల పదునాలుగు బోల్టులు. ఒక్కొక్కటి ఇంచుమించు చిటికెనవ్రేలి లావు. ఇరుసు ఒక్కంటికి 3,500 పౌనుల చొప్పున 7,000 పౌనుల బరువు మోయదగిన బండి ఈ పదునాలుగింటిమీద ఊగుచుండును. కమాను విరిగెనని విందుము గాని, మొదట చెడునది తరచుగా కమాను కాదు. ఈ బోల్టులును, వానికి తొడిగిన బుష్షులును. అమరకోశమున ఇరుసుకొననుండు కడచీలకు అణి యని పేరున్నది. కైకేయి రణరంగమున ఆ చీల ఊడిన చోట తన వ్రేలు దూర్చి దశరథుని రథమును నిలిపెనని మన యిండ్లలో చెప్పుకొను కథ యందరును ఎరిగినదే. ట్రైలరు వెనుక అట్టి వ్రేలు పెట్టువారు లేరు.

తక్కువ వెలకు చేసిన బండ్లలో ఈ బుష్షులు నైలానువి. నైలానుకు గ్రీజు అక్కరలేదు. అది దాని గుణము. కాని కొన్నివేల మైళ్లకే అరిగి పొడియైపోవుట గలదు. పిమ్మట ఉక్కు కన్నును ఉక్కు బోల్టును ఒరసికొనును. షాకిల్ పలకలోని గుండ్రని రంధ్రము కోడిగ్రుడ్డు ఆకారమునకు వచ్చును. మా బండికి జరిగినదదియే. రెండిరుసుల బండిని ఇరుకున గిరుక్కున త్రిప్పినపుడు చక్రములు నేలపై అడ్డముగా ఈడ్వబడి షాకిళ్లను ప్రక్కకు వంచును. ఆ చేష్ట ఈ అరుగుదలను ఇంకను త్వరపెట్టును.

కుదుపు తగ్గవలెనన్న గట్టి కమానులు వేయవలెనని అనేకులు తొందరపడుదురు. మా కుమారుడును మొదట ఆ మాటయే అనెను. ఇది పొరపాటు. బరువునకు మించిన గట్టిదనము గల విల్లు వంగదు. వంగని విల్లు దెబ్బను మ్రింగక చట్రమునకే అందించును. అప్పుడు జాడీ దొర్లుట మానదు, మరింత ఎగురును. పైగా కమాను మార్చినంతమాత్రమున ఇరుసు బలమును టైరు బలమును పెరుగవు. బండి ముందుభాగమున ఎడమప్రక్కను అంటించిన చీటిలో వ్రాసిన బరువే దాని హద్దు. నిండు సామానుతో, నిండు నీటితో తూనికకు ఎక్కించి, హద్దులోపల నున్నదో లేదో చూచుకొనుట మొదటి పని. కట్టలలోని వంపు పోయి చదునైనచో, పట్టీ చిట్లినచో, అప్పుడు అంతే బలముగల క్రొత్తవానిని జంటగా మార్చవలెను.

మేము చేయించినది వేరు. నైలాను బుష్షులు తీసివేసి కంచు బుష్షులు వేయించితిమి. పలుచని పలకలకు బదులు అర అంగుళము మందముగల షాకిళ్లను వేయించితిమి. మామూలు బోల్టుల స్థానమున గ్రీజు పట్టు బోల్టులు వచ్చినవి. వీని నడుమ సన్నని సొరంగ ముండును; తలదగ్గర నున్న మొలకకు గ్రీజు తుపాకి తగిల్చి నొక్కగా గ్రీజు లోపలినుండి బుష్షుచుట్టును వ్యాపించును. మన బండ్ల ఇరుసుకు ఆముదపు కందెన వేయుటకును దీనికిని ధర్మమొక్కటే. అయితే ఒక సూక్ష్మము గలదు. ఈ బోల్టు తలక్రింద పండ్లవంటి గీట్లుండును; అవి పలకను కరచుకొని బోల్టు తిరుగకుండ ఆపును. కావున బోల్టును సుత్తితో దిగగొట్టి, నట్టును మాత్రమే త్రిప్పవలెను. తొందరలో బోల్టునే త్రిప్పినవాడు ఆ పండ్లతో క్రొత్త రంధ్రమును తానే తొలిచి పెద్దది చేసినవాడగును. నట్టు బిగువు తయారుచేసినవారు చెప్పినంతయే యుండవలెను. అతిగా బిగించినచో షాకిల్ ఊగదు.

గ్రీజు వేయునపుడు చక్రములపై బరువు లేకుండ చట్రమును పైకెత్తుట మేలు. బరువున్నచో బోల్టు ఒకవైపు అదుముకొనియుండి, అక్కరయున్న చోటికే గ్రీజు పోదు. నల్లని పాతది బయటికి వచ్చి క్రొత్తది కనబడువరకు నొక్కవలెను. ఎత్తునపుడు జాకీని ఇరుసు నడుమ పెట్టుట మహాపరాధము. ఇరుసుగొట్టము చిన్న వంపుతో చేయబడినది. నడుమ ఎత్తగా అది చెడును, చక్రములు వంకరపోవును, టైర్లు ఒక అంచున అరిగిపోవును. చట్రము క్రింద, తయారీవారు చూపిన తావున జాకీ పెట్టి, తక్కిన చక్రములకు ఇరుప్రక్కల అడ్డులు పెట్టి, గట్టి స్టాండులు నిలిపిన పిమ్మటనే క్రిందికి దూరవలెను. ఒంటి జాకీని నమ్మి దూరువానికి చెప్పదగిన మాట నాయొద్ద లేదు.

కమానులే లేని బండ్లును గలవు. వానియందు చదరపు గొట్టములోపల రబ్బరు కడ్డీలు నిండియుండును. చక్రపుచేయి తిరిగినపుడు ఆ రబ్బరు నలిగి దెబ్బను మ్రింగును. వానికి షాకిళ్లు లేవు, కందెన లేదు, చప్పుడు లేదు. కాని రబ్బరు ముదిరినచో ఇరుసు నంతటిని మార్చవలసినదే. ఆ బండిని కారుకు తగిలించినపుడు మట్టముగా నిలుచునట్లు చూడవలెను. త్రాసుకాడ లేదు గనుక, ఒకవైపు వంగినచో ఒక ఇరుసే బరువంతయు మోయును.

చక్రపునాభిలోని బేరింగులకు ఏటికొకమారు, లేక 12,000 మైళ్లకు, క్రొత్త గ్రీజు వేయవలెను. దారిలో ఆగిన ప్రతిచోటను నాభిని చేతితో జాగ్రత్తగా తాకి చూచినచో, తక్కినవానికంటె వేడిగానున్నది తన సంగతి తానే చెప్పును. చక్రములనడుమ ఎడమును, షాకిళ్ల వాలును రెండుప్రక్కల సరిపోల్చుటకు మూడు నిమిషములు చాలును. చక్రము విప్పి బిగించినపుడెల్ల నట్టులను 10, 25, 50 మైళ్లదగ్గర మరల బిగించి చూడవలెను. ఆ మరమ్మతు ముగించుకొని డల్లాసు తిరిగిపోవునపుడు పదిమైళ్లకే ఆపుమంటిని, కుమారుడు ఆపెను. ఇరువదియైదవ మైలున ఆపుమనగా గొణిగెను. ఏబదవ మైలున నేను అడుగకమునుపే బండి ప్రక్కకు తీసి, పానా చేతబట్టుకొని దిగెను. ఎడమప్రక్క వెనుకచక్రపు నట్టు ఒకటి కాల్చుట్టు తిరిగినది.