పడుగు కుదిరిన పాట

శ్రుతిని తల్లి అన్నారు, లయను తండ్రి అన్నారు మన పెద్దలు. ఆ తల్లి ఒకప్పుడు తంబురా తీగెలలో ఉండేది. తరువాత హార్మోనియం మెట్లలోనికి వచ్చినది. నేడు కంప్యూటరులోను, చేతిఫోనులోను పనిచేసే సాఫ్ట్‌వేర్ సింథసైజరులో కూడ చేరినది. ప్రార్థనగీతానికో, వార్షికోత్సవ నాటకానికో దానిని ఉపయోగింపదలచిన ఉపాధ్యాయునికి ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: పిల్లల గొంతు యంత్రానికి లొంగవలెనా, యంత్రము పిల్లల గొంతుకు లొంగవలెనా?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. హిందూపురము నుండి పెనుకొండ మీదుగా ధర్మవరము పోయే రైలుదారి వెంట సాగినవారికి దీని పూర్వచరిత్ర కొంత కనబడుతుంది.

హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరములో లేపాక్షి ఉన్నది. అచ్యుతదేవరాయల కాలములో (1529-1542) విరూపణ్ణ కట్టించిన ఆ ఆలయపు నాట్యమండపములో రంభ ఆడుతుండగా దేవతలు వాద్యములు పలికిస్తుంటారు. తుంబురుని చేతిలో వీణ ఉన్నది. ఆ అచ్యుతరాయల పేరనే ఒక వీణ శాస్త్రగ్రంథమునకు ఎక్కినది. 1550లో రామామాత్యుడు సంస్కృతములో రచించిన ‘స్వరమేళకళానిధి’లో అచ్యుతరాజేంద్రమేళ వీణ ప్రస్తావన ఉన్నది. ఆ గ్రంథమును వ్రాయించినవాడు అళియ రామరాయలు. 1565 యుద్ధములో ఆయన కూలిన తరువాత రాజధాని పెనుకొండకు తరలినది.

రామామాత్యుడు వీణలను మరొక విధముగా కూడ విభజించినాడు. అన్ని రాగములకు పనికివచ్చునట్లు మెట్లు స్థిరముగా బిగించినది సర్వరాగమేళ వీణ. ఒక్క రాగపు స్వరములకే మెట్లు అమర్చినది ఏకరాగమేళ వీణ. రాగము మారితే దాని మెట్లను జరుపవలెను. మొదటిదానిలో సౌకర్యము హెచ్చు, రెండవదానిలో రాగమునకు తగిన అమరిక హెచ్చు. నాలుగువందల డెబ్బది ఏండ్లు గడచినా సింథసైజరు ముందు కూర్చున్నవాడు తేల్చుకొనవలసినది ఈ రెంటి నడుమనే.

సింథసైజరులోని అమరికలు రెండు తరగతులు. మొదటిది యంత్రమంతటికీ వర్తించే గ్లోబల్ ట్యూనింగ్. రెండవది ఒక్కొక్క నాదమునకు విడివిడిగా వర్తించే వాయిస్ అమరిక. ధర్మవరపు పట్టుమగ్గము చూచినవారికి ఈ భేదము వివరింపనక్కరలేదు. మొదటిది పడుగు, రెండవది పేక. పేకలో జరిగిన పొరపాటు ఆ మేరకే ఉంటుంది. పడుగులో తప్పిన పోగు చీర కొసదాక వెంట వస్తుంది.

సాధారణముగా యంత్రము 440 హెర్ట్జుల ప్రమాణముతో మేల్కొంటుంది. ఇది 1939లో లండను సమావేశము సూచించిన కొలత. స్థాయిని 1200 సెంట్లుగా భావించి, పన్నెండు సమభాగములు చేసి, ఒక్కొక్క మెట్టుకు 100 సెంట్లు పంచుతుంది. ఇది నేటి సర్వరాగమేళము. తంబురా నాదములో సహజముగా వినవచ్చే అంతరగాంధారము షడ్జమునకు 386 సెంట్ల ఎత్తున ఉండగా, యంత్రము దానిని 400 వద్ద నిలుపుతుంది. ఆ 14 సెంట్ల ఎడమును శిక్షణ పొందిన చెవి పసిగడుతుంది.

కనుక కొందరు సహజస్వరముల పట్టికను యంత్రములోనికి ఎక్కిస్తారు. ఇక్కడనే ఒక చిక్కు పొంచి ఉన్నది. పట్టికకు ఆధారషడ్జము ఒకటి శ్రుతిలో ఉన్నదనుకొందము. పాడే బాలికది అయిదు శ్రుతి. ఆధారమును మార్చక, ఆ మెట్టునే షడ్జముగా వాయించినచో చతుశ్శ్రుతి రిషభము 204 సెంట్ల ఎత్తున ఉండవలసినది 182 వద్దనే నిలిచిపోతుంది. యంత్రములో తప్పు, నింద మాత్రము బాలికకు! “నీకు శ్రుతి నిలువదు” అన్న ఒక్క మాటతో ఎన్ని గొంతులు మూగబోవునో ఉపాధ్యాయులు ఎరుగుదురు.

మరొక మాట. గ్లోబల్ ట్యూనింగ్‌లో మొత్తము ప్రమాణమే జరిగినచో యంత్రము ఒంటరిగా మ్రోగునంతసేపు ఆ దోషము బయటపడదు. స్వరములన్నీ కలసి జరుగుతవి గనుక. ప్రక్కన ఇంకొక వాద్యము పలికినప్పుడే గుట్టు తెలుస్తుంది. వేదికమీద హార్మోనియం ఉన్నచో దాని రీడులను అప్పటికప్పుడు మార్చలేము. సెంట్ల మరను త్రిప్పి యంత్రమే దానిని చేరుకొనవలెను.

హార్మోనియం మీద ఉన్న అభియోగములు మనకు తెలిసినవే. 1940లో అఖిల భారత రేడియో దానిని వెలివేసినది. 1971లో ఆ కట్టు కొంత సడలినది. మెట్లు కదలవు, గమకము పలుకదు అన్నవే ప్రధానమైన ఆక్షేపణలు. అయినను తెలుగు పద్యనాటకము దానిని విడువలేదు. ధర్మవరమున పుట్టి, బళ్ళారిలో సరసవినోదినీ సభ ద్వారా ఆంధ్రనాటక పితామహుడైన ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853-1912) నాటకమును పద్యములతో పాటలతో నింపినవారు. నటుని గొంతుకు ఆనుకొని నడిచే వాద్యము ఆ రంగస్థలమునకు అవసరమైనది.

సింథసైజరు ఆ రెండు ఆక్షేపణలకూ సమాధానము చెప్పగలదు, చెప్పించగలిగినచో. ఏకకాలమున పలుకు నాదముల సంఖ్యను ఒకటికి తగ్గించి, గ్లైడ్ అనే జారుగుణమును చేర్చినచో స్వరము నుండి స్వరమునకు తెగకుండ సాగవచ్చును. నాదము పుట్టుక, తగ్గుదల, నిలకడ, ముగింపు అనే నాలుగు దశలను సవరించినచో మీటిన తీగెకు, ఊదిన వేణువుకు తేడా చూపవచ్చును. ఒకే స్వరమునకు పలు నాదములను స్వల్పభేదముతో జోడించినచో నిండుదనము వస్తుంది. కాని శ్రుతి నాదమునకు ఆ అలంకారము తగదు; ఆధారమే మసకబారుతుంది.

ఆచరణలో క్రమము సులభమే. మొదట బాలికను ఏ వాద్యమూ లేకుండ పాడనీయవలెను. ఆమె షడ్జమును కనిపెట్టి శ్రుతిని, పట్టిక ఆధారమును రెంటినీ అక్కడికి మార్చవలెను. పంచమముతో పరీక్షించి చూడవలెను. వీణా, వేణువా అన్న ముచ్చట ఆ తరువాతిది. రాగమునకు తగినట్లు మెట్లు జరిపిన నేలలో, పాడే పిల్లకు తగినట్లు ఒక మర త్రిప్పుట గొప్ప శ్రమ కాదు.